వర్చువల్ మెషీన్‌కి 1 టీబీ ర్యామ్ ఇస్తే ఎందుకు స్టార్ట్ కాదు?

హోస్ట్‌లో (వర్చువల్ మెషీన్‌ని నడిపే అసలు కంప్యూటర్‌లో) 2 టీబీ ఉన్నా సరే, "ఫిజ్-బిట్స్ టూ లో (40)" (phys-bits too low) అనే ఎర్రర్ వస్తే లోపం ర్యామ్‌లో లేదు. గెస్ట్‌కి, అంటే ఆ వర్చువల్ మెషీన్‌కి, కనిపించే ప్రాసెసర్‌లో భౌతిక చిరునామా (మెమరీలో చోటును సూచించే సంఖ్య) పొడవు చాలడం లేదు. వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఎమ్యూ (QEMU)లో పేరున్న సీపీయూ మోడల్ ఎంచుకుంటే డిఫాల్ట్‌గా దొరికేది 40 బిట్లే, అంటే సరిగ్గా 1 టీబీ. అందులోనూ 4 జీబీ కింద కొంత చోటు పీసీఐ పరికరాలకు పోతుంది, అక్కడి ర్యామ్ పైకి జరిగి హద్దు దాటుతుంది. అందుకే 1 టీబీ కూడా పట్టదు.

ముందు హోస్ట్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ (lscpu) కమాండ్ నడిపి "అడ్రస్ సైజెస్" వరుస చూడండి. 46 ఫిజికల్ అని ఉంటే 64 టీబీ దాకా దారి ఉన్నట్టే. తర్వాత సీపీయూ ఆప్షన్లలో, హోస్ట్ బిట్ల సంఖ్యనే గెస్ట్‌కీ ఇచ్చే హోస్ట్-ఫిజ్-బిట్స్ (host-phys-bits) ఆన్ చేయండి. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ (libvirt) వాడేవాళ్లు సీపీయూ ట్యాగ్‌లో మ్యాక్స్‌ఫిజ్‌యాడర్ (maxphysaddr) మోడ్‌ను పాస్‌త్రూ చేస్తే చాలు.

చిక్కంతా మైగ్రేషన్ (గెస్ట్‌ని ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కి మార్చడం) దగ్గరే. 46 బిట్లు చూసి బూట్ అయిన గెస్ట్‌ని 39 బిట్ల మెషీన్ మీదికి పంపితే, అది వాడే పై చిరునామాలను అక్కడి పేజీ టేబుళ్లు (చిరునామాలను అసలు మెమరీతో జతచేసే పట్టికలు) చూపలేవు. రిజర్వ్‌డ్ బిట్ల (చిరునామాకి వాడకుండా ఖాళీగా ఉంచాల్సిన బిట్ల) లెక్కా తప్పుతుంది. క్లస్టర్‌లో (కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపులో) అతి తక్కువ బిట్లున్న హోస్ట్‌ని చూసి, హోస్ట్-ఫిజ్-బిట్స్-లిమిట్‌తో అందరికీ అదే సంఖ్య పెట్టడం మేలు. చేతికొచ్చిన పెద్ద అంకె వేయడం మాత్రం వద్దు.

ఎల్‌ఏ57 (LA57) అనే ప్రాసెసర్ సౌకర్యం సంగతి వేరు. అది వర్చువల్ చిరునామాని (ప్రోగ్రాములు వాడే చిరునామాని) 48 నుంచి 57 బిట్లకు పెంచుతుంది, ఈ ఎర్రర్‌ని తీర్చదు.