మొక్కల ముచ్చట: వాగు గట్టున మద్ది, మడుగులో పరిగె

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటుంది. శనివారం వస్తే రబ్బరు బూట్లు వేసుకుని ఏదో వాగు గట్టుకు పోయి కలుపు పీకుతుందట, సాల్మన్ అనే చేప కోసం. "బాపూ, మన చేను పక్క వాగుకూ చెట్లు పెట్టు" అని ప్రాణం తీసింది. పోయిన వానాకాలం 60 మొక్కలు పెట్టాను, కానుగ, ఏరుమద్ది. ఈ మే నెలకు 14 మిగిలాయి. అసలు చెట్టుకూ చేపకూ ఏం సంబంధం సార్? మళ్లీ పెట్టమంటారా, వదిలేయమంటారా?
– ఒక రైతు, అంకీస, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర

జవాబు: మీ ఉత్తరం మరాఠీ అక్షరాల్లో రాసిన తెలుగు. మా వైపు బడి మరాఠీ, ఇల్లు తెలుగు. నేనూ అలాగే చదువుకున్నవాణ్ణి కాబట్టి ఇబ్బంది పడలేదు.

60కి 14 మిగిలాయంటే మీరు నాకన్నా నయం. నర్సరీ ఉద్యోగం చేసే రోజుల్లో ఒక వాగు పొడవునా 200 మొక్కలు పెట్టించి, ఫొటో దిగి, ఇంటికొచ్చి పడుకున్నాను. మరుసటి ఏడు పోయి లెక్కబెడితే 11. కొన్నింటిని ఆగస్టు వరద పడుకోబెట్టింది, కొన్నింటిని గడ్డి మింగేసింది. మిగతావి ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకు కాలుస్తారు చూడండి, ఆ మంటలో పోయాయి. మేకల మీద నింద వేద్దామంటే వాటి వాటాకు పెద్దగా మిగల్లేదు.

ముందు మీ అమ్మాయి సంగతి. సాల్మన్ వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, మళ్లీ పుట్టిన వాగుకే ఎదురీది వస్తుంది. తోకతో గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. పసిఫిక్ సాల్మన్ ఆ తర్వాత చచ్చిపోతుంది. రాళ్ల సందుల్లో నీళ్లు పారుతుంటేనే గుడ్డుకు ఊపిరి. గట్టు విరిగి ఒండ్రు కమ్మితే అంతే సంగతి, అందుకే వేర్లు కావాలి. నీళ్లు చల్లగా ఉండాలి కాబట్టి నీడ కావాలి. అక్కడి మేలైన సాల్మన్ వాగుల్లో వేసవిలో కూడా నీళ్లు 16 డిగ్రీలు దాటకూడదని సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం నియమం పెట్టుకుంది. ఆ ప్రాంతపు చినూక్ సాల్మన్‌ను 1999లో ముప్పులో ఉన్న జాతిగా చట్టం కిందకు తెచ్చారు. ఆమె పీకే కలుపు బహుశా హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అయి ఉంటుంది. పేరుకే హిమాలయం, నిజానికి అది ఆర్మేనియా వైపు ముళ్ల తీగ.

ఇంకో ముచ్చట. వాగులో పడిన చెట్లు చేపకు అడ్డమని అక్కడ ఒకప్పుడు పనిగట్టుకుని తీసేశారు. ఇప్పుడు డబ్బులు పెట్టి దుంగలు తెచ్చి మళ్లీ వేస్తున్నారు. దుంగ వెనక నీళ్లు గుంటగా నిలుస్తాయి, పిల్ల చేప దాక్కుంటుంది. కాబట్టి మీ వాగులో పడిన మద్ది మానును పొయ్యిలోకి మోయకండి.

మనకు సాల్మన్ లేదు. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే పులస కూడా ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఇంత దూరం వచ్చే చేప కాదు. మన వాగులో ఉండేవి పరిగె, జెల్ల, కొర్రమీను. మన వాగు మార్చికి ఎండుతుంది, మిగిలేది అక్కడక్కడా మడుగులు. మళ్లీ వానలొచ్చేదాకా చేప ప్రాణమంతా ఆ మడుగులోనే. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుని నెట్టుకొస్తుంది. పరిగెకు ఆ వీలు లేదు, నీళ్లు కాగితే తేలిపోతుంది. మీరు కిలోమీటరు పొడవునా పెట్టకండి. మే నెలలో కూడా నీళ్లుండే మడుగు ఏదో మీకు తెలుసు, దాని చుట్టూ పెట్టండి. అందులోనూ పడమటి గట్టున ఎక్కువ పెట్టండి. మీ అమ్మాయి ఉన్నచోట ఎండ దక్షిణం నుంచి పడుతుంది. మనకు మే మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినే, నీళ్లను కాచేది ఆ తర్వాతి పడమటి ఎండ.

నీటి అంచున చెట్టు పెడితే వరద ఊరుకోదు. అక్కడ వావిలి, వట్టివేరు వేయండి, ఇవి వంగి మళ్లీ లేస్తాయి. వావిలికి నర్సరీ కూడా అక్కర్లేదు. బొటనవేలంత లావు కొమ్మను మూరన్నర కోసి, మూడింట రెండొంతులు తడి మట్టిలో దిగ్గొట్టాలి. అక్కడివాళ్లు విల్లో అనే చెట్టు కొమ్మలతో చేసేదీ ఇదే. వావిలి ఆకు చేదు కాబట్టి మేక దాని జోలికి రాదు. పైగట్టున ఏరుమద్ది, నేరేడు, మేడి, కానుగ. దసలి పట్టు పురుగుకు మద్ది ఆకే మేత, ఆ పని తెలిసినవాళ్లు మీ ఊళ్లో ఉంటే చెట్లను వాళ్లే కాపాడతారు. జామాయిల్ మాత్రం వద్దు.

ఇక అసలు పని మొక్క నాటిన మర్నాటి నుంచి. మొక్క చుట్టూ రెండు మూరల మేర గడ్డిని వేళ్లతో సహా పీకాలి, కొడవలితో కోస్తే పది రోజుల్లో మళ్లీ లేస్తుంది. వానాకాలంలో రెండుసార్లు, దసరా తర్వాత ఒకసారి. వరద తీసిన వారంలోపు పోయి, మొక్కకు చుట్టుకున్న చెత్త, ప్లాస్టిక్ తీసి నిలబెట్టాలి. ఎండుగడ్డి పరచమని మీ అమ్మాయి చెబుతుంది. మన దగ్గర దానికి చెదలు, నిప్పు రెండూ వస్తాయి, కాబట్టి మొదలుకు జానెడు దూరంలో పరిచి ఫిబ్రవరికల్లా తీసేయండి. అప్పుడే చుట్టూ మంట రాకుండా బారెడు వెడల్పు చెక్కేయండి. మార్చి నుంచి పది రోజులకో బిందె నీళ్లు. ఇలా మూడు వేసవులు గడిస్తే తర్వాత మీ అవసరం దానికి ఉండదు.

బతికిన ఆ 14 ఎక్కడెక్కడ ఉన్నాయో చూశారా? వాటి పక్కనే ఈసారి 20 పెట్టండి, 60 వద్దు. వావిలి కొమ్మలు కావాలంటే పత్రికకు రెండు ముక్కలు రాయండి. మా పెరటి కంచె తొలకరికి ఎలాగూ కత్తిరించాలి.