నూగు ఊడ్చడమూ అగ్ని నివారణే

ప్రశ్న: రాజాం దగ్గర ఒక గోనెసంచుల మిల్లులో స్పిన్నింగ్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. షిఫ్టు దిగేసరికి ఒంటినిండా నూగే. ఎండాకాలంలో ఏదో ఒక మూల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. శుభ్రం చేయించమంటే, శుభ్రతకూ నిప్పుకూ సంబంధం లేదని, మంటలార్పే సిలిండర్లు తగిలించామని సూపర్‌వైజరు గారు అంటున్నారు. దొంగతనాల భయంతో రాత్రిపూట వెనక తలుపుకు తాళం వేస్తున్నారు. ఇది సరైనదేనా?
– ఒక కార్మికుడు, విజయనగరం జిల్లా

జవాబు: సరైనది కాదు. గోగునార, జనపనారల నుంచి రాలే నూగే నిప్పుకు మొదటి మేత. మోటారు మీద మందంగా పేరుకున్న నూగు లోపలి వేడిని బయటికి పోనివ్వదు, పైగా బేరింగు కాలినా, స్విచ్‌బోర్డులో వదులైన తీగ దగ్గర రవ్వ రాలినా ముందుగా తానే అంటుకుంటుంది. అక్కడి నుంచి మంట దూలాల మీద, పైపుల మీద పేరుకున్న నూగు వెంట షెడ్డంతా పాకుతుంది. కాబట్టి నేల ఊడ్చి ఊరుకుంటే చాలదు, ఎత్తున కంటికి కనపడనిదాన్ని కూడా తీయాలి. యంత్రం నడుస్తుండగా గాలిగొట్టంతో ఊదడం చాలా ప్రమాదకరమైన అలవాటు. గాలిలోకి లేచిన మెత్తటి పొడికి రవ్వ తగిలితే భగ్గుమంటుంది, తగలకపోతే మీ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. యంత్రం ఆపి, వాక్యూమ్‌తో పీల్చి తీయడమే మేలు. పత్తి మిల్లుల్లో బిస్సినోసిస్ అనే జబ్బుకు ఇటువంటి పొడే కారణం. సెలవు తరువాత పనిలోకి వచ్చిన రోజున ఛాతీ పట్టేసినట్లుండటం దాని తొలి లక్షణం. మీకు దగ్గు, ఆయాసం విడవకుండా ఉంటే చేసే పని ఏమిటో చెప్పి మరీ వైద్యునికి చూపించుకోండి.

నారను మెత్తబరచడానికి వాడే తవుడు నూనెలో తడిసిన వ్యర్థాన్ని కుప్పగా వదిలేస్తే, ఏ రవ్వా తగలకుండానే లోలోపల వేడెక్కి అంటుకోవచ్చు. దాన్ని ఏ షిఫ్టుకా షిఫ్టు బయటికి తరలించాలి.

సిలిండర్లు అవసరమే. అయితే వాటిలోని పొడి పైమంటను ఆర్పుతుందే గానీ, బేలు (బిగించి కట్టిన నార మూట) లోపల కుములుతున్న నిప్పును చేరదు; ఆరిందనుకున్న బేలు గంటల తరువాత మళ్ళీ రాజుకోవచ్చు. అటువంటి బేలును ఆరుబయటకు చేర్చి, నీళ్ళ గొట్టం సిద్ధంగా ఉంచుకుని, విడదీసి పూర్తిగా తడపాలి. యంత్రాల దగ్గర నీళ్ళు చల్లే ముందు కరెంటు తీసేయాలి.

తాళం విషయంలో రాజీకి తావే లేదు. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం తగలబడి 146 మంది చనిపోయారు. తాళం వేసిన తలుపు అంతమందిని బలిగొన్న కారణాల్లో ఒకటి. అక్కడా దొంగతనాల భయంతోనే తాళం వేశారు. లోపలి నుంచి తోయగానే తెరుచుకునే గడియ పెట్టి, బయట కాపలా మనిషిని ఉంచితే సరుకూ భద్రం, మనుషులూ భద్రం. యాజమాన్యం వినకపోతే నలుగురైదుగురు కలిసి, తాళం వేస్తున్న తలుపు ఏదో, ఏ షిఫ్టులో వేస్తున్నారో రాసి, కర్మాగారాల తనిఖీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. మంట లేస్తే మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా 101కి ఫోన్ చేయండి.