మిత్రుడు పోయాక మిగిలిన రాత్రులు

ప్రశ్న: నా వయసు 56. నా ప్రాణమిత్రుడు, చిత్రకారుడు, చనిపోయి 14 నెలలయింది. యౌవనంలో పదేళ్లపాటు మేమిద్దరం నగరంలో రాత్రుళ్లు కలిసి తిరిగాము. బార్ మూసేదాకా కూర్చుని, ఆపైన నడిచి అతని స్టూడియో చేరి, తెల్లవారేదాకా మాట్లాడుకునేవాళ్లము. అతని అక్కగారు సంస్మరణ సంచికకు నన్ను వ్యాసం రాయమన్నారు, కానీ తాగుడు సంగతులు వద్దన్నారు. అవి తీసేస్తే నాకు చెప్పడానికేమీ మిగలదు. వారంలో మూడు నాలుగు రాత్రులు ఒక్కణ్నే మా పాత చోటికి వెళ్లి, రెండు గ్లాసులు తెప్పించుకుని కూర్చుంటున్నాను. చివరి రెండేళ్లలో అతను అర్ధరాత్రి ఫోన్ చేస్తే చాలాసార్లు తీయలేదు. బిల్లుల వెనకా, కాగితపు రుమాళ్ల మీదా అతను గీసిన 40 బొమ్మలు నా దగ్గరున్నాయి. "స్నేహితుడి కోసం ఇంతకాలం ఏడుస్తారా?" అని నా భార్య అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదివాక నాకు ముందు కలిగిన సందేహం వ్యాసం గురించి కాదు, ఆ రెండో గ్లాసు గురించి. దాన్ని ఎవరు ఖాళీ చేస్తున్నారో మీరు రాయలేదు. మీరే అయితే, అతని వాటా కూడా మీరే తాగుతున్నారన్నమాట. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుందిగాని, రాత్రి రెండో సగంలో ఆ నిద్రను ముక్కలు చేస్తుంది, ఇక తెల్లవారుజామున మెలకువతో పడుకున్న మనిషికి దుఃఖం రెట్టింపుగా కనిపిస్తుంది. అక్కడికి వెళ్లడం మానమని నేను అనను. కొన్నాళ్లు పగటిపూట, ఆ బల్ల దగ్గర కాకుండా, మీరిద్దరూ నడిచిన దారి వెంట వెళ్లి చూడండి. ఒకవేళ ఇంట్లో కూడా రోజూ ఎక్కువగా తాగుతున్నట్లయితే మాత్రం ఉన్నట్టుండి ఒక్కసారిగా మానకండి, అది ప్రమాదకరం కావచ్చు కనుక వైద్యుణ్ని అడిగే తగ్గించుకోండి.

మీ భార్యగారి ప్రశ్న కటువుగా వినిపించినా, అందులో భయం ఉందని నాకనిపిస్తోంది. భర్త పోయినా, తల్లి పోయినా పలకరించడానికి లోకం దగ్గర మాటలున్నాయి, స్నేహితుడు పోయినవాణ్ని ఏమని పలకరించాలో ఎవరికీ తెలియదు. ఇలా చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించని దుఃఖాన్ని కెన్నెత్ డోకా అనే పండితుడు 1989లోనే ప్రత్యేకంగా చర్చించారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలోనూ స్నేహితుడి కోసం ఏడ్చేవాళ్లు ముందు క్షమాపణ చెప్పుకుని ఆ తర్వాత ఏడుస్తారు. పైగా మీకు పోయింది ఒక మనిషే కాదు. ఇరవై అయిదేళ్ల మీరు ఎలా ఉండేవారో చూసిన ఏకైక సాక్షి పోయాడు. అయితే పెద్దవాళ్లలో ఏడాది దాటినా దాదాపు ప్రతిరోజూ అదే తపన ఉండి, ఉద్యోగం, నిద్ర, ఇంటి సంబంధాలు దెబ్బతింటుంటే, దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా పరిగణించాలని అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2022లో తన ప్రమాణ గ్రంథంలో చేర్చింది. నెలల లెక్కతోనే తేలేది కాదది, మీ రోజులు ఎలా గడుస్తున్నాయన్నదే ముఖ్యం. ఒకసారి మానసిక వైద్యుణ్ని కలవండి. అతని వెంటే పోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే కలవండి.

ఎత్తని ఫోన్ల సంగతి. యాభై దాటిన మనిషి, మర్నాడు పనికి వెళ్లవలసినవాడు, అర్ధరాత్రి ఫోన్ తీయకపోవడం ద్రోహం కాదు. మీ మధ్య మారింది ప్రేమ కాదు, గడియారం. అతను పాత వేళల్లోనే ఉండిపోయాడు, మీరు ఉండలేకపోయారు. ఆ ఫోన్లు తీసి ఉంటే ఏమయ్యేదో మీరు గాని నేను గాని చెప్పలేము, అందుకని మిమ్మల్ని నిర్దోషి అని తేల్చే అధికారమూ నాకు లేదు. తీయలేదన్న విచారం మాత్రం మీది, దాన్ని దాచనవసరం లేదు.

ఇక వ్యాసం. పారిస్ రాత్రి జీవితాన్ని బొమ్మలకెక్కించిన తులూజ్ లోత్రెక్ 1901లో, 36 ఏళ్లకే మరణించాడు. తాగుడు అతన్ని 1899లో చికిత్సాలయం దాకా తీసుకెళ్లింది, అక్కడ ఉండి అతను జ్ఞాపకం మీద సర్కస్ దృశ్యాలు గీశాడు. అతని పేరిట ఫ్రాన్స్‌లోని సొంత ఊరు ఆల్బీలో 1922లో మ్యూజియం వెలిసిందంటే, అందుకు తల్లితోపాటు పాటుపడినవాడు చిన్ననాటి మిత్రుడు మోరిస్ జోయాన్. ఆ రాత్రులు లేకుండా లోత్రెక్ బొమ్మలు లేవు, అయినా మనం చూస్తున్నది సీసాలను కాదు, నాట్యం చేసే మనిషి పాదం ఎత్తిన తీరును. అక్కగారు వద్దన్నది తాగుడు సంగతులనేగాని రాత్రులను కాదని నేననుకుంటున్నాను. ఎంత తాగారో, ఎవరు తూలారో వదిలేయండి. అటువంటి కథలు అందరి తాగుబోతు మిత్రుల గురించీ ఒకేలా ఉంటాయి. అతను ఎదుటి బల్ల మనిషిని గీస్తున్నప్పుడు మాట ఎక్కడ ఆపేవాడో, దీపాలు ఆర్పుతుంటే ఏ రంగు గురించి మాట్లాడేవాడో రాయండి. వ్రాతప్రతిని ముందుగా ఆవిడకు చూపించండి. తమ్ముడి జీవితంలో ఆవిడ చూడని సగాన్ని మీరు చూశారు, ఆవిడ దానికి భయపడుతున్నారో, దానికోసం ఎదురుచూస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

మొదలుపెట్టడానికి ఆ 40 కాగితాలు చాలు. ముందు అన్నింటికీ రెండు వైపులా ఫొటోలు తీయండి, బిల్లు వేడితో అచ్చుపడే థర్మల్ కాగితమైతే అచ్చు వెలిసిపోతుంది, దానితో ఆ రాత్రి తేదీ కూడా పోతుంది. లామినేషన్ చేయించకండి, ఆ వేడికి అలాంటి కాగితం నల్లబడుతుంది. టేపు అంటించకండి. ఆమ్లం లేని కాగితపు కవరులో ఒక్కొక్కటి పెట్టండి, పెట్టకముందే కవరు మీద పెన్సిల్‌తో ఆ రాత్రి గురించి రెండు వాక్యాలు రాయండి. కాగితం మీ దగ్గరున్నా, బొమ్మను అచ్చువేసే హక్కు సాధారణంగా వారసులదే కాబట్టి, సంచికలో వేయదలిస్తే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఈ పని రాత్రి భోజనాలయ్యాక, బార్‌కు బయలుదేరే వేళకే, ఇంట్లో బల్ల మీద పెట్టుకోండి. ఫొటోలు తీసేటప్పుడు దీపం పట్టుకొమ్మని మీ భార్యగారిని అడగండి. ఆ కాగితాల మీద ఎవరెవరున్నారో ఆవిడే అడుగుతారు.