టెక్ సందేహాలు: కీప్యాడ్ ఉంటే స్మార్ట్‌ఫోన్ కాదా?

ఈసారి వచ్చిన సందేహాల్లో చాలావాటి వెనక ఒకటే బాధ ఉంది. ఫోన్ చెక్కుచెదరకుండా ఉంది, బ్యాటరీ బాగుంది, అయినా అందులో పనులు జరగడం లేదు. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ వారం వీటికే జవాబులు ఇస్తున్నాను.

సందేహం: మా అమ్మ టచ్ ఫోన్ వాడలేనంటే కీప్యాడ్ ఉన్న 4జీ ఫోన్ కొనిచ్చాను. అందులో వాట్సాప్, యూట్యూబ్, మ్యాప్స్ ఉండేవి. కొన్నప్పుడు స్మార్ట్‌ఫోనే అన్నారు. ఇప్పుడు వాట్సాప్ రావడం లేదు. రిపేర్‌కి తీసుకెళ్తే ‘ఇది ఫీచర్ ఫోనండీ, ఇంతే’ అన్నారు. ఇంతకీ ఇది స్మార్ట్‌ఫోనా, కాదా?

మీరు చెప్పినదాన్ని బట్టి అది కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (ఫోన్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్)తో నడిచే ఫోన్ అయ్యుండాలి. నన్నడిగితే అది స్మార్ట్‌ఫోనే. కాకపోతే దాని ప్లాట్‌ఫామ్‌కి బలం లేదు. అమ్మగారికి తర్వాత ఏ ఫోన్ కొనాలో తేల్చుకోవడానికి ఈ తేడా తెలియాలి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

టచ్ స్క్రీన్ ఉంటే స్మార్ట్‌ఫోన్, బటన్లుంటే మామూలు ఫోన్ (ఫీచర్ ఫోన్) అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే ఈ లెక్క నిలవదు. 1996లో వచ్చిన నోకియా 9000 కమ్యూనికేటర్‌కి టచ్ లేదు. తెరిస్తే లోపల పూర్తి కీబోర్డు ఉండేది, ఈమెయిలు, ఫ్యాక్సు అన్నీ దాంతోనే. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలిన బ్లాక్‌బెర్రీలకీ బటన్లే. మరోపక్క 2009లో వచ్చిన శాంసంగ్ స్టార్ లాంటి ఫోన్లకు ముందువైపంతా టచ్ స్క్రీనే ఉన్నా అవి ఫీచర్ ఫోన్లు. కెమెరా, ఇంటర్నెట్ కూడా గీటురాళ్లు కావు. ఆ రెండూ మామూలు ఫోన్లలోనూ వచ్చేశాయి.

గీత గీయాల్సింది వేరే చోట. ఫోన్ తయారు చేసిన కంపెనీతో సంబంధం లేని మనిషి ఒక ప్రోగ్రామ్ రాసి, దాన్ని మీరు మీ ఫోన్‌లో పెట్టుకోగలరా? పెట్టుకున్నాక ఆ ప్రోగ్రామ్ మీ అనుమతితో కెమెరానీ, కాంటాక్ట్స్‌నీ, నెట్‌నీ ఫోన్‌తోపాటు వచ్చిన యాప్‌లు వాడుకున్నట్టే వాడుకోగలదా? అందుకు వీలిచ్చే ఆపరేటింగ్ సిస్టమ్, యాప్‌లు రాయడానికి అందరికీ అందుబాటులో ఉండే సాధనాలు, వాటిని తెచ్చుకోవడానికి ఒక దారి, ఈ మూడూ కలిస్తే ప్లాట్‌ఫామ్. అది ఉన్న ఫోనే స్మార్ట్‌ఫోన్.

పాత ఫోన్లలో జావా గేములు ఆడేవాళ్లం కదా, అవీ బయటివాళ్లు రాసినవే కదా అని మీకు అనిపించవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఆ జావా ప్రోగ్రామ్‌లు ఫోన్ అసలు సిస్టమ్‌కి దూరంగా, ఒక ఇరుకు గదిలో నడిచేవి. ఫోన్‌లోని చాలా సౌకర్యాలు వాటికి అందేవి కావు. అదే కాలంలో సింబియన్, పామ్, విండోస్ మొబైల్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న ఫోన్లలో ప్రోగ్రామ్‌లు నేరుగా సిస్టమ్ మీదే నడిచేవి. అందుకే వాటిని స్మార్ట్‌ఫోన్లన్నారు, జావా ఫోన్లను అనలేదు.

ఈ కొలతతో చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి తేలుతుంది. 2007 జూన్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి ఐఫోన్‌లో బయటి యాప్ ఒక్కటీ పెట్టుకునే వీలు లేదు. కావాలంటే సఫారీ బ్రౌజర్‌లో నడిచే వెబ్ యాప్‌లు రాసుకోమని డెవలపర్లకు యాపిల్ చెప్పింది. యాప్ స్టోర్ 2008 జూలైలో, 500 యాప్‌లతో మొదలైంది. అంటే కచ్చితంగా మాట్లాడితే ఆ మొదటి ఏడాది ఐఫోన్ కంటే సింబియన్‌తో నడిచే నోకియా ఎన్95కే ఆ పేరు ఎక్కువ తగుతుంది. ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ శక్తి మొదటి నుంచీ ఉంది, తలుపే మూసి ఉంది. తెరిచాక ఏం జరిగిందో అందరికీ తెలుసు.

ఇక మీ అమ్మగారి ఫోన్ దగ్గరకొద్దాం. మొజిల్లా సంస్థ 2013లో ఫైర్‌ఫాక్స్ ఓఎస్ పేరుతో ఫోన్లు తెప్పించి, కొన్నేళ్లకే వదిలేసింది. ఆ కోడ్ నుంచే కైఓఎస్ పుట్టింది. 256 ఎంబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, దానికి సొంత యాప్ స్టోర్ ఉంది, వెబ్ పేజీలు రాసే భాషలతోనే యాప్‌లు రాయవచ్చు. కాబట్టి నిర్వచనం ప్రకారం పాసైనట్టే. ‘స్మార్ట్ ఫీచర్ ఫోన్’ అని దాన్ని తయారు చేసినవాళ్లే మధ్యేమార్గంగా ఒక పేరు పెట్టుకున్నారు.

కానీ అందులో వాట్సాప్ ఉండాలంటే వాట్సాప్ వాళ్లు కైఓఎస్ కోసం ప్రత్యేకంగా ఒక యాప్ రాస్తూ, దాన్ని ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి. 2024 జూన్‌లో వాళ్లు కైఓఎస్‌లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోనివ్వడం ఆపేశారు. తర్వాత కొన్ని నెలలకు అప్పటికే వాడుతున్నవాళ్లకూ ఆగిపోయింది. అమ్మగారి ఫోన్‌లో చెడిపోయిందేమీ లేదు, రిపేర్ చేయించాల్సిందీ లేదు. కాల్స్‌కి నిశ్చింతగా వాడుకోనివ్వండి.

వాట్సాప్ కూడా తప్పనిసరి అయితే రెండు దారులున్నాయి. కీప్యాడ్‌తో, మడత పెట్టే ఫ్లిప్ రూపంలో ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ని దొరుకుతాయి. కొనేముందు అందులో ప్లే స్టోర్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. రెండోది, టచ్ ఫోనే ఇచ్చి దాన్ని సులభంగా మార్చడం. ఐఫోన్లలో ఐఓఎస్ 17 నుంచి ‘అసిస్టివ్ యాక్సెస్’ ఉంది. ఆన్ చేస్తే పెద్ద పెద్ద బొమ్మలతో నాలుగైదు పనులే కనిపిస్తాయి. శాంసంగ్ ఫోన్లలో ‘ఈజీ మోడ్’ ఉంటుంది. పెద్దవాళ్లు భయపడేది ఎక్కువగా టచ్‌కి కాదు, చెయ్యి తగిలితే ఎక్కడికో వెళ్లిపోయే స్క్రీన్లకి. ఆ టెన్షన్ తగ్గిస్తే చాలామంది వారంలోనే అలవాటు పడతారు.

సందేహం: నా పాత విండోస్ ఫోన్ ఇప్పటికీ కొత్తదానిలా ఉంది. దాని డిజైన్ అంటే నాకు ప్రాణం. మళ్లీ వాడొచ్చా?

పాటలకూ, అలారానికీ, ఫొటోలకూ వాడుకోండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో కొట్టకండి. విండోస్ 10 మొబైల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం మైక్రోసాఫ్ట్ ఎప్పుడో మానేసింది. 2019 ముగిసేసరికి వాట్సాప్ కూడా విండోస్ ఫోన్లను వదిలేసింది.

మీ అభిమానం నాకు అర్థమవుతుంది. తక్కువ ర్యామ్‌తోనే అంత చురుగ్గా నడిచిన సిస్టమ్‌లు కొన్నే. దాని లోపం నాణ్యతలో లేదు. వాడేవాళ్లు తక్కువని యాప్‌లు రాసేవాళ్లు రాలేదు, యాప్‌లు లేవని వాడేవాళ్లు రాలేదు. దానికితోడు 2012లో విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు, అంతకుముందు 7 కొన్నవాళ్లకు దానికి మారే అవకాశం ఇవ్వలేదు. ముందుగా నమ్మి వచ్చినవాళ్లనే వదిలేస్తే కొత్తవాళ్లు ఎలా నమ్ముతారు? బ్లాక్‌బెర్రీ కథ ఇంకా బాధాకరం. 2022 జనవరి 4 తర్వాత పాత బ్లాక్‌బెర్రీ ఓఎస్ ఫోన్లలో కాల్స్, ఎస్ఎంఎస్‌లు కూడా నమ్మకంగా పనిచేయవని కంపెనీయే ప్రకటించింది.

సందేహం: ఆండ్రాయిడ్ మంచిదా, ఐఫోన్ మంచిదా? మా ఆఫీసులో రోజూ ఇదే వాదన. మీరు తేల్చండి.

ప్రశ్నను కాస్త మార్చి తేలుస్తాను. ఐఫోన్ అంటే ఒకే కంపెనీ చేసే కొద్ది మోడళ్లు. ఆండ్రాయిడ్ అంటే డజన్లకొద్దీ కంపెనీలు చేసే వేల మోడళ్లు. ఆ వేలల్లో ఏడేళ్లు నిలిచేవీ ఉన్నాయి, రెండేళ్లకే కంపెనీ మర్చిపోయేవీ ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే తక్కెడలో వేసి ఐఫోన్‌తో తూచడం కుదరదు.

ఒకప్పుడు చెప్పుకున్న తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. ఏ యాప్‌కి ఏ అనుమతి ఇవ్వాలో వాడుతున్నప్పుడే అడిగే పద్ధతి ఆండ్రాయిడ్ 6తో 2015లోనే వచ్చింది. ఏ యాప్ అయినా వేరే యాప్‌లలో మనల్ని వెంటాడే ముందు అడిగి తీరాలన్న నిబంధనను యాపిల్ 2021లో ఐఓఎస్ 14.5తో తెచ్చింది. ఐఫోన్ 15 నుంచి ఛార్జింగ్ కేబుల్ కూడా యూఎస్‌బీ సీయే. కెమెరాల గురించి వాదించుకోవడం టైమ్ వృథా.

మిగిలిన పెద్ద తేడాల్లో ఒకటి స్వేచ్ఛ. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయట నుంచి కూడా యాప్‌లు పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో సాధారణంగా యాప్ స్టోర్ ఒక్కటే దారి. చట్టం వల్ల యూరోపియన్ యూనియన్‌లో మాత్రం 2024 మార్చి నుంచి ఐఓఎస్ 17.4తో వేరే స్టోర్లకూ అనుమతి వచ్చింది. బయటి యాప్‌లతో ప్రమాదం ఉన్న మాట నిజమే. తెలియని లింకు నొక్కి ఎవరో పంపిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్ పెట్టుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ స్వేచ్ఛతో మీకు పని లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

అన్నిటికంటే పెద్ద తేడా అప్‌డేట్లు. ఐఫోన్‌లో ఫోనూ, సాఫ్ట్‌వేరూ ఒకరివే. యాపిల్ అప్‌డేట్ ఇచ్చిన రోజే అర్హత ఉన్న ఫోన్లన్నిటికీ అందుతుంది. 2015లో ఐఓఎస్ 9తో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021లో వచ్చిన ఐఓఎస్ 15 కూడా అందింది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ రాసిన కొత్త వెర్షన్ ముందు చిప్ తయారీదారు దగ్గరకు, అక్కడి నుంచి ఫోన్ కంపెనీ దగ్గరకు వెళ్లి, దానికి తగ్గట్టు మారి, పరీక్షలు దాటి మీ దగ్గరకు రావాలి. ఈ గొలుసులో ఎవరికి ఓపిక లేకపోయినా మీ ఫోన్ అక్కడే ఆగిపోతుంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో ‘ప్రాజెక్ట్ ట్రెబుల్’ తెచ్చి, చిప్‌కి సంబంధించిన కోడ్‌ని మిగతా ఆండ్రాయిడ్ నుంచి విడదీశాక ఈ పని కొంత తేలికైంది. ఇప్పుడు కొన్ని కంపెనీలు ముందే మాటిస్తున్నాయి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కి గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి.

అందుకే నేనైతే ఆండ్రాయిడా, ఐఫోనా అని అడగను. ఈ మోడల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా అని అడుగుతాను. ఇక్కడ చాలామంది ఒక చోట మోసపోతారు. ఆ ఏళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. నాలుగేళ్ల హామీ ఉన్న ఫోన్‌ని రెండేళ్ల తర్వాత ఆఫర్‌లో కొంటే మీకు మిగిలేది రెండేళ్లే. ఇప్పుడున్న ఆండ్రాయిడ్ ఫోన్ పరిస్థితి తెలుసుకోవాలంటే సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల పేజీ తెరిచి ‘సెక్యూరిటీ అప్‌డేట్’ తేదీ చూడండి. ఆ తేదీ ఏడాది వెనకబడి ఉంటే కొత్త ఫోన్ గురించి ఆలోచించే సమయం వచ్చినట్టే.

సందేహం: నా ఫోన్‌లో హైపర్‌ఓఎస్ అని ఉంది. మా తమ్ముడి ఫోన్‌లో వన్ యూఐ అని ఉంది. ఇవి ఆండ్రాయిడ్ కావా?

రెండూ ఆండ్రాయిడే. పైన రూపం, కొన్ని సొంత యాప్‌లు ఆయా కంపెనీలవి. మీ ఇద్దరికీ ఒకే ప్లే స్టోర్, అవే యాప్‌లు.

చైనా కంపెనీ హువావే తెచ్చిన హార్మనీఓఎస్ మాత్రం వేరే దారి పట్టింది. 2019లో అమెరికా ఆంక్షలతో ఆ కంపెనీ కొత్త ఫోన్లకు గూగుల్ సేవలు అందకుండా పోయాయి. అదే ఏడాది ప్రకటించిన హార్మనీఓఎస్‌లో మొదట్లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచేవి. 2024లో వచ్చిన హార్మనీఓఎస్ నెక్స్ట్‌లో ఆ వీలు తీసేశారు. కాబట్టి పేరు చూసి కంగారు పడకుండా ప్లే స్టోర్ ఉందా అని చూడండి, సరిపోతుంది.

సందేహం: ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారుతున్నాను. ఏమేం పోతాయి?

డబ్బు పెట్టి కొన్న యాప్‌లు రావు. ప్లే స్టోర్‌లో కొన్నవి ప్లే స్టోర్‌వే, ఐఫోన్‌లో మళ్లీ కొనుక్కోవాల్సిందే. నెలవారీ చందాలు ఆ యాప్ అకౌంట్‌కి కట్టి ఉంటే లాగిన్ కాగానే పనిచేస్తాయి. కానీ ప్లే స్టోర్ ద్వారా డబ్బు కడుతుంటే దాన్ని రద్దు చేయడం కూడా అక్కడే చేయాలి. మెమరీ కార్డు వాడుతున్నట్టయితే అందులోవి ముందే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, ఐఫోన్‌లో ఆ కార్డు పెట్టే చోటు ఉండదు.

కాంటాక్ట్స్, ఫొటోలు, మెసేజ్‌లు ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌తో వచ్చేస్తాయి. వాట్సాప్ చాట్స్ కూడా దానితోనే తెచ్చుకోవచ్చు. ఇదంతా కొత్త ఫోన్‌ని మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే చేయండి. ముందు వాడేసి తర్వాత చూద్దాం అనుకుంటే ఐఫోన్‌ని రీసెట్ చేసి మొదటి నుంచి రావాల్సి రావచ్చు. ఆ పని జరిగేంతసేపూ రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లోనే ఉంచండి.

పాత ఫోన్‌ని తొందరపడి రీసెట్ చేయకండి. లాగిన్‌కి ఆరంకెల కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్ వాడుతుంటే ఆ కోడ్‌లన్నీ కొత్త ఫోన్‌లో వస్తున్నాయో లేదో ఒక్కొక్కటీ లాగిన్ అయి చూసుకోండి. అప్పుడు పాతదాన్ని చెరిపేయండి.