ఎత్తు మధ్యలో ఆగితే మళ్లీ బయల్దేరేదెలా?

ప్రశ్న: నా వయసు 47. రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎప్పటినుంచో అలవాటు. ఈమధ్య ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ అద్దెకు తీసుకుని స్నేహితులతో అడవి బాటలో వెళ్లాను. చదునులో హాయిగా ఉంది. ఎత్తులో ఒకచోట ఆగి మళ్లీ బయల్దేరబోతే బండి ఒక్కసారిగా ఉరికింది, పక్కకి పడ్డాను. రెండోసారీ అంతే. మోటారు బండి నాకు సరిపడదేమో. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: మీరు తొక్కబోయి పడ్డారు, నయం. నేనైతే తొక్కకుండానే పడ్డాను. మొదటి రోజు బాట చీలిన చోట వెనకవాళ్ల కోసం ఆగాను. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు ఊరికే పెడల్ మీద. మోటారు అన్నిటికన్నా ఎక్కువ సాయం చేసే టర్బో మోడ్‌లో ఉంది బండి, బ్రేకు మీద చెయ్యి లేదు. ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగాను, ఒంటి బరువు పెడల్ మీద పడింది. బండి గబుక్కున వెళ్లి పొదలో దూరింది, దాంతోపాటు నేనూ.

ఈ బండ్లకు మోటారు సాధారణంగా పెడల్స్ దగ్గరే ఉంటుంది. కాలు ఎంత బలంగా నొక్కుతోందో అక్కడి సెన్సర్ చూసి, దానికి తగ్గట్టు మోటారు బలం కలుపుతుంది. స్కూటర్‌కి మల్లే చేత్తో తిప్పేది వీటిలో చాలావాటికి ఉండదు. అంటే మీ కాలే యాక్సిలరేటర్. రోడ్డు సైకిల్ అలవాటున్నవాళ్లం ఎత్తులో మొదటి తొక్కు గట్టిగా తొక్కుతాం కదా, ఇక్కడ దెబ్బతీసేది అదే.

ఈసారి ఇలా చేసి చూడండి. ఆగబోయే ముందే తేలిక గేరుకి మార్చుకోండి, ఆగిపోయాక చైను తిరగదు కాబట్టి గేరు పడదు. మోటారు సాయం తక్కువగా ఉండే ఎకో మోడ్‌కి దించండి. సీటు మీద కాస్త ముందుకి జరిగి కూర్చుని, ఛాతీ హ్యాండిల్ వైపు వంచి, రెండు బ్రేకులూ పట్టి ఉంచండి. పైన ఉన్న పెడల్ గడియారంలో రెండు గంటల ముల్లు ఉండేచోట ఉండాలి. ఇప్పుడు మెత్తగా నొక్కుతూ బ్రేకులు వదలండి. మొదటి అర చుట్టు నెమ్మదిగా తిరిగితే చాలు, తరువాత మోటారే అందుకుంటుంది. మరీ నిటారుగా ఉంటే, బాట వెడల్పున్న చోట ముందుచక్రాన్ని ఏటవాలుగా పెట్టి బయల్దేరి, తరువాత పైకి తిప్పుకోండి. అప్పటికీ కుదరకపోతే దిగి నడిపించండి. చాలా బండ్లకు నడక మోడ్ ఉంటుంది, బటన్ నొక్కి పట్టుకుంటే బండి మన నడక వేగంతో కదులుతుంది. ఇరవై, ఇరవై అయిదు కిలోల బండిని ఎత్తుకి తోయడం కన్నా అదే మేలు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

గేరు మార్చేటప్పుడు మాత్రం కాలు కొంచెం తేలిక చెయ్యండి. చైను మీద మీ బలంతో పాటు మోటారు బలం కూడా ఉంటుంది. పూర్తి ఒత్తిడిలో మారిస్తే వచ్చే ఆ 'టక్' శబ్దం వింటేనే నాకు పళ్లు జివ్వుమంటాయి.

దిగుడు సంగతి మీరు అడగలేదు, నా భయం మాత్రం అక్కడే. ఎక్కేటప్పుడు సాయం చేసిన మోటారు దిగేటప్పుడు ఉత్త బరువే. సీటు దించి, పెడల్స్ రెండూ నేలకి సమానంగా పెట్టి లేచి నిలబడండి. మలుపులోకి వెళ్లాక కంగారుగా బ్రేకు నొక్కకుండా, ముందే వేగం తగ్గించుకోండి. కళ్లు ముందుచక్రం మీద కాదు, మలుపు చివర ఉండాలి.

ప్రశ్న: నా బండి బ్యాటరీ 500 వాట్ అవర్. బయల్దేరినప్పుడు స్క్రీన్ 60 కిలోమీటర్లు వస్తుందంది. కొండ బాటలో 25కే అయిపోయింది. బ్యాటరీ పాడైనట్టేనా?

జవాబు: కాకపోవచ్చు. కొండ మీద లెక్క కిలోమీటర్లలో వేయకూడదు, ఎక్కిన ఎత్తులో వెయ్యాలి. మీరూ బండీ కలిపి 100 కిలోలు అనుకుందాం. 1,000 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఆ బరువు పైకి లేపడానికే సుమారు 270 వాట్ అవర్లు కావాలి. దాని మీద వదులు కంకర, మెత్తటి మట్టి, మోటారు వేడిగా పోగొట్టుకునేది అదనం. టర్బోలో ఇందులో ఎక్కువ వాటా మోటారే మోస్తుంది. పాపం స్క్రీన్‌కి ముందున్న కొండ తెలీదు, అంతకు ముందు మీరు తొక్కిన తీరును బట్టి అంచనా చెబుతుంది. ఎక్కుడు ముందు, దిగుడు చివర వచ్చేలా దారి ఎంచుకోండి, బ్యాటరీ అయినా ఇల్లు చేరతారు.

ప్రశ్న: మోటారుతో కొండెక్కడం మోసం అంటాడు మా తమ్ముడు. వ్యాయామం అవుతుందా, అవ్వదా?

జవాబు: అవుతుంది. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 33 మందిని ఒకే బాటలో మామూలు మౌంటెన్ బైక్ మీదా, ఎలక్ట్రిక్ దాని మీదా తొక్కించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మోటారు ఉన్నా గుండె వేగం మామూలు బండి మీద ఉన్నదాంట్లో 94 శాతం దాకా ఉంది. వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లు, కాబట్టి మీ అంకె వేరుగా ఉండొచ్చు. మోసం అనే మాటకొస్తే, అదే ఏడాది నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ బండ్లకి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా పెట్టింది. అయితే కొన్ని బాటల్లోకి మోటారు సైకిళ్లనే కాదు, వీటినీ రానివ్వరు. మొదట్లో ఉన్న బోర్డు చదివి లోపలికి వెళ్లండి. మీ తమ్ముడికి బండి ఇచ్చేముందు మోడ్ ఎకోకి మార్చి మరీ ఇవ్వండి.