పేలని తుపాకులు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల పాత లాంతర్ల గురించి రాస్తూ చివర్లో మాటవరసకి మా హాల్లో గోడకి ఉన్న పేలని త్రీ నాట్ త్రీ (లీ-ఎన్‌ఫీల్డ్) రైఫిల్ రెప్లికా, అంటే అలంకరణకి చేసిన నకలు గురించి ఒక్క వాక్యం రాశాను. లాంతర్ల గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు, వచ్చిన ఉత్తరాలన్నీ తుపాకీ గురించే! సరే, ఈసారి అదే మాట్లాడుకుందాం.

ప్రశ్న: ఆన్‌లైన్లో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ రెప్లికా చూశాను. కొందామంటే, ఇంట్లో తుపాకీ ఉంటే పోలీసులు వస్తారని మా బావమరిది భయపెడుతున్నాడు. లైసెన్సు కావాలా? కువైట్‌లో ఉన్న మా అన్నయ్య వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు, తెమ్మనమంటారా? (అమలాపురం పాఠకుడు)

జవాబు: మీ బావమరిది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం దృష్టిలో తుపాకీ అంటే మందుగుండుతో గానీ మరో శక్తితో గానీ తూటాలాంటిది బయటికి కొట్టేలా తయారైన వస్తువు. స్పెయిన్‌లో డెనిక్స్ లాంటి కంపెనీలు చేసే అలంకరణ రెప్లికాలు జింకు మిశ్రమలోహంతో పోతపోసినవి. జింకు సుమారు 420 డిగ్రీల వేడికే కరిగిపోతుంది, ఈ మిశ్రమం ఇంకా ముందే కరుగుతుంది, ఇక తూటా ఒత్తిడికి ఏం ఆగుతుంది? అవి షోకేసు కోసం పుట్టినవే. అయితే అదే చట్టంలో 6వ సెక్షన్ ఉంది, తుపాకీలా కనిపించే నకలు వస్తువుని పేలే తుపాకీగా మార్చాలంటే దానికీ లైసెన్సు కావాల్సిందే అని. అంటే ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ ఉంది కదా అని దాని గొట్టంతో ఆడుకుంటే వ్యవహారం బొమ్మ దగ్గర ఆగదు. ఎవరైనా ఆ సరదా మాట ఎత్తితే వాళ్లని ఇంటికి పిలవడం మానేయండి.

కొనేటప్పుడు ఒక మాట చూసుకోండి. అమ్మేవాడు ‘ఒరిజినలే సార్, పేలకుండా చేశాం’ అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. .303 (అదే త్రీ నాట్ త్రీ) అనేది సైన్యం వాడిన బోరు, అంటే గొట్టం రంధ్రం కొలత, మామూలు పౌరులకి ఇచ్చే లైసెన్సుల్లో అది ఉండదు, కాబట్టి గొట్టంలో సీసం పోశామనో మేకు కొట్టామనో చెప్పే మాటలు నమ్మి దాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు. పేరున్న అమ్మకందారు దగ్గర ‘అలంకరణ రెప్లికా’ అని రాసిన బిల్లుతో కొని, ఆ బిల్లు కాపీ ఒకటి రెప్లికాతో పాటే ఉంచండి. మీకు టెన్షన్ తగ్గకపోతే మీ స్టేషన్లో ఒక కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి, పదిహేను నిమిషాల పని.

ఇక కువైట్ అన్నయ్య సంగతి. వద్దండీ బాబూ. విమానంలో చేతిబ్యాగులో తుపాకీ నకలు ఉంటే రానివ్వరు, బొమ్మైనా సరే. పెద్ద సూట్‌కేసులో పెట్టినా ఎక్స్‌రేలో కనిపించేది రైఫిల్ ఆకారమే, అక్కడ నిలబడి ‘ఇది జింకు అండీ’ అని వివరించాల్సింది మీ అన్నయ్య. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే మనిషి, ఆ గంటలు కస్టమ్స్ వాళ్లతో ఎందుకు గడపాలి? వచ్చేటప్పుడు ఖర్జూరాలు తెమ్మనండి.

ప్రశ్న: మా మావయ్యగారు బహుమతిగా ఇచ్చిన రెప్లికా మీద నల్లటి మెరుపు ఉండేది. దసరాకి ఆయుధపూజలో పెడదామని మా అమ్మ ఇత్తడి బిందెల్లాగా చింతపండుతో తోమేసింది. ఇప్పుడు తెల్లమచ్చలు. ఏం చెయ్యాలి? (పాలకొల్లు పాఠకురాలు)

జవాబు: అమ్మగారిని ఏమీ అనకండి, ఆవిడ చేతిలో ఇత్తడి ఎప్పుడూ మెరిసే ఉంటుంది. కానీ ఇది ఇత్తడి కాదు. చింతపండు, నిమ్మకాయ పులుపు జింకుని తినేస్తుంది, పైన ఉన్న నల్లపూత ముందే పోతుంది. పోయిన పూత తిరిగి రాదు. మచ్చల్ని గీకొద్దు, ఇసుక కాగితం అసలే వద్దు. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, రంగులేని ఫర్నిచర్ మైనం పల్చగా రాసి ఆరాక ఇంకో గుడ్డతో రుద్దండి. మచ్చలు పోవు గానీ పెరగవు. మా దాని బోల్ట్ మీద కూడా అలాంటిదొకటి ఉంది, నా చేతి చెమట వల్ల, దాన్ని చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం.

మన ప్రాంతంలో రెప్లికాకి అసలు శత్రువు గాలే. వానాకాలంలో గోడలకి చెమ్మ, అంతర్వేది, నరసాపురం వైపైతే ఉప్పుగాలి, చెరువుల పక్క ఇళ్లలో ఏడాదంతా తేమ. బయటిగోడకి నేరుగా తగిలించకండి, గోడకీ రైఫిల్‌కీ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉంచండి. షోకేసు కొత్తగా చేయిస్తే వాసన పూర్తిగా పోయాకే లోపల పెట్టండి, కొన్ని చెక్కల నుంచీ ఎండీఎఫ్ (చెక్కపొట్టు అతికించి చేసిన పలక) నుంచీ వచ్చే ఆమ్లపు ఆవిరి జింకుకీ సీసానికీ మంచిది కాదు. తోలు పట్టీ ఉంటే తీసి విడిగా దాచండి, బూజు మొదలయ్యేది అక్కడే. చెక్కకి కొబ్బరినూనె రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నెలకి జిగురై దుమ్మంతా పట్టేస్తుంది. అసలు రైఫిళ్ల చెక్కకి సైనికులు రాసింది అవిసె నూనె, అదీ నాలుగు చుక్కలు చేత్తో రుద్ది, మిగిలింది తుడిచేసేవాళ్లు. మీ రెప్లికా చెక్కకి వార్నిష్ వేసి ఉంటే అదీ అక్కర్లేదు. పూజలో పసుపు కుంకుమ బొట్లు పెట్టినా మర్నాడే తుడిచేయండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఒకే ఒక్క రెప్లికా కొనగలను. మన గోదావరి జిల్లాల చరిత్రతో సంబంధం ఉన్నది ఏది కొనాలి? ‘అల్లూరి వాడిన రైఫిల్’ అని ఒకటి అమ్మకానికి ఉంది. (కాకినాడ పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరం చదివి ఎంత సంతోషం వేసిందో! ముందు అల్లూరి సంగతి తేల్చేద్దాం. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయారు, అది చరిత్రలో ఉన్న మాట. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు మన భీమవరం దగ్గరే కాబట్టి ఆ పేరు వినగానే మన చెయ్యి జేబులోకి వెళ్తుంది, అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు. పేరు చెప్పి ఎక్కువ అడుగుతుంటే ‘ఇది ఏ మోడల్, ఏ సంవత్సరం, ఆ 26లో ఇదే ఉందని ఏ రికార్డు’ అని మూడు ప్రశ్నలు వెయ్యండి, జవాబు రాకపోతే అది మామూలు రెప్లికా, మామూలు ధరే ఇవ్వండి.

నన్నడిగితే చెకుముకి తుపాకీ కొనండి. ఎందుకంటే మీ కాకినాడ నుంచి బస్సులో వెళ్లి రాగలిగే దూరంలో, గొల్లప్రోలు పక్కన చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సైన్యం, విజయనగరం ఆనందరాజు గజపతి మనుషులు ఒకవైపు, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచివాళ్లు ఒకవైపు అక్కడ తలపడ్డారు. ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏడాది ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పోగొట్టుకున్నారు, కోస్తా మొత్తం మెల్లగా కంపెనీ చేతికి పోవడానికి దారి అక్కడ పడింది. ఆ కాలపు సిపాయి చేతిలో ఉండేది మస్కెట్: గొట్టం ముందువైపు నుంచి మందూ గుండూ వేసి కడ్డీతో కూరి, ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కు మీద కొట్టుకుని నిప్పురవ్వ పడి మందు అంటుకునేది. బాగా సాధన చేసినవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చేవాడు. వాన పడితే అంతే సంగతులు.

ఇప్పుడు రెప్లికాలో తేడా ఎలా పట్టాలో చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఇంగ్లీషు మస్కెట్‌ని బ్రౌన్ బెస్ అంటారు, గొట్టం రంధ్రం 0.75 అంగుళాలు. ఫ్రెంచి షార్ల్‌విల్ మస్కెట్‌ది 0.69 అంగుళాలు. స్కేలు అక్కర్లేదు, పట్టీలు చూడండి చాలు. ఫ్రెంచి దాని గొట్టాన్ని చెక్కకి లోహపు పట్టీలతో బిగిస్తారు, బ్రౌన్ బెస్‌కి పట్టీలు ఉండవు, చెక్కలోంచి అడ్డంగా దూర్చిన సన్నటి పిన్నులే పట్టి ఉంచుతాయి. పట్టీలున్న దాన్ని ‘బ్రౌన్ బెస్’ అని అమ్ముతుంటే తయారుచేసినవాడికీ తెలీదు, అమ్మేవాడికీ తెలీదు. మూడు పట్టీలున్న ఇంగ్లీషు తుపాకీ తర్వాతి కాలంలో వచ్చింది, 1853 ఎన్‌ఫీల్డ్, 1857లో తూటాల కొవ్వు గొడవకి కారణమైంది అదే. దానికి చెకుముకి రాయి ఉండదు, మందున్న చిన్న టోపీలాంటిది పెట్టి తుపాకీకే ఉండే సుత్తితో కొట్టించేవాళ్లు. ఈ రెండు గుర్తులు తెలిస్తే చాలు, మీరు ఏ షాపులోనైనా ధైర్యంగా బేరమాడొచ్చు.

ప్రశ్న: మా తాతగారి పెంకుటిల్లు పడగొడుతుంటే అటక మీద గోనెసంచిలో తుపాకీ దొరికింది. తుప్పు పట్టి ఉంది. రెప్లికాయేమో అని పిల్లలు దాంతో ఫోటోలు దిగుతున్నారు. శుభ్రం చేసి గోడకి పెట్టొచ్చా? (భీమవరం దగ్గరి పల్లె నుంచి)

జవాబు: ముందు పిల్లల చేతుల్లోంచి తీసేయండి. ఇది చదువుతుండగానే లేచి వెళ్లండి. మన తాతల ఇళ్లలో అటక మీద ఉండేవి రెప్లికాలు కావు, పిట్టల్ని కొట్టడానికో తోటకాపలాకో వాడినవి. ముందునుంచి మందు కూరే పాత తుపాకీలతో పెద్ద ప్రమాదం ఏంటంటే, ఎవరో కూరి కాల్చకుండా వదిలేసిన మందు లోపలే ఉండిపోతుంది, తేమ తగలకపోతే ఆ తుపాకీమందు ఎన్ని దశాబ్దాలైనా అంటుకుంటుంది. గొట్టంలోకి తొంగిచూడొద్దు, కడ్డీ దూర్చొద్దు, ట్రిగ్గర్ కదపొద్దు, ఎండలో పెట్టొద్దు, వెల్డింగ్ షాపుకి అసలే తీసుకెళ్లొద్దు. మనుషులు లేనివైపు గొట్టం ఉండేలా ఒక గదిలో పెట్టి తాళం వేసి స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి, వాళ్లనే రమ్మనండి. మీరే గోనెసంచిలో పెట్టుకుని బండి మీద బయల్దేరకండి, దారిలో చెక్‌పోస్టు దగ్గర మీరు చెప్పేది ఎవరూ వినరు. తాతగారి లైసెన్సు కాగితం ట్రంకుపెట్టెలో ఉందేమో వెతకండి, ఉంటే సగం పని అయినట్టే. పాతబడి, బాగుచేసినా చెయ్యకపోయినా ఇక తుపాకీగా పనికిరాని వాటికి చట్టంలో మినహాయింపు ఉంది (45వ సెక్షన్), కానీ మీది అలాంటిదో కాదో తేల్చాల్సింది మీరూ నేనూ కాదు.

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజు ఫ్లెక్సీకి రెప్లికా పట్టుకుని ఫోటో దిగాలని ఫ్రెండ్స్ అంటున్నారు. పెళ్లి ఊరేగింపులో కూడా పట్టుకుంటే బాగుంటుందట. (తణుకు)

జవాబు: ఫ్లెక్సీ చూసేవాడికి బిల్లు కనపడదు. వద్దు.

ప్రశ్న: విదేశీ రెప్లికా అంత డబ్బు పెట్టలేను. మా ఊరి వడ్రంగితో త్రీ నాట్ త్రీ చెక్కతో చేయించుకోవచ్చా? (మండపేట)

జవాబు: భేషుగ్గా. నా మొదటిది అలాంటిదే, నల్లతుమ్మతో చేయించాను, బరువు చాలక చేతిలో తేడాగా ఉండేది గానీ గోడమీద ఎవరూ గుర్తుపట్టలేదు. కొలతలు సరిగ్గా ఇవ్వండి: మొత్తం పొడవు 44.5 అంగుళాలు, అంటే మీటరు పదమూడు సెంటీమీటర్లు. అసలుది నాలుగు కిలోల దగ్గర తూగుతుంది. ముందు భాగంలో చెక్క దాదాపు గొట్టం చివరిదాకా వస్తుంది, అందుకే ఈ రైఫిల్‌కి మొండిముక్కు రూపం, వడ్రంగులు ఇక్కడే గొట్టం పొడుగ్గా వదిలేసి ఎయిర్‌గన్ చేసేస్తారు. మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి కాస్త ముందు కిందికి పొడుచుకు ఉండాలి, అసలు దాంట్లో పది తూటాలు పట్టేవి. గొట్టానికి ఇనుప పైపు పెట్టనివ్వకండి, గుండ్రటి కర్రే చాలు, ఎవరికీ ఏ అనుమానం రాదు. ఇంకొకటి, అసలు దాని బట్ (భుజానికి ఆనించే చివర) వెనక ఇత్తడి ప్లేటులో చిన్న మూత ఉంటుంది, అందులో సైనికుడు నూనెసీసా, గొట్టం తుడిచే తాడు దాచుకునేవాడు. మా వడ్రంగి ఆ మూత నిజంగానే తెరుచుకునేలా చేశాడు. మా మనవడు అందులో సీమచింత గింజలు దాస్తున్నాడు.