ఈడిపస్ వేషం కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకు కవి సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ వేషం నీకిచ్చారని అక్క ఫోన్లో చెప్పింది. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఆ వేషం కట్టాను. అప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం.

పాత రాజు లాయస్‌ను చంపినవాణ్ణి తీబ్స్ నగర జనం ముందు ఈడిపస్ శపించే చోటుంది కదా. ఆయన నా సొంత తండ్రే అన్నట్టు ఆయన కోసం పోరాడతానంటాడు. లాయస్ నిజంగానే తన కన్నతండ్రని, చంపింది తనేనని అతనికింకా తెలియదు. నేను 'తండ్రి' దగ్గర ఆగాను. గొంతు బరువెక్కించి ప్రేక్షకుల వైపు చూశాను. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, రాజు పోయి కథ తెలిసిన నటుడొకడు మిగిలాడు.

ఆ మాటలోని వ్యంగ్యాన్ని నువ్వు మోయక్కర్లేదురా. ఈ నాటకం మొదట చూసిన ఏథెన్స్ జనానికి కథ ముందే తెలుసు. క్రీ.పూ. 467లోనే ఈస్కిలస్ అనే మరో నాటకకర్త ఇదే వంశం కథను నాటకాలుగా ఆడించి మొదటి బహుమతి అందుకున్నాడు. పైగా అప్పటి నటులు మాస్కులు పెట్టుకునేవారు, కనుసైగకు తావే లేదు. కాబట్టి ఆ శాపం నిజంగా పెట్టు. ఊళ్లో మహమ్మారికి జనం చచ్చిపోతుంటే హంతకుణ్ణి పట్టుకోవాలని తహతహలాడే మంచి రాజువి నువ్వు. హంతకుడివి నువ్వేనన్న గుడ్డి జోస్యుడు టైరీసియస్ మీద కోపం కూడా అంతే. నీ బావమరిది క్రేయాన్‌తో కలిసి కుట్ర చేస్తున్నాడని మనసారా నమ్ము.

అసలు కష్టం నువ్వు పెరిగిన కోరింత్ నుంచి ముసలాడు వచ్చే రంగంలో ఉంది. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని నీకో జోస్యం ఉంది. నువ్వు తండ్రనుకునే అక్కడి రాజు పాలిబస్ పోయాడనగానే, తండ్రిని చంపే గండం తప్పిందని నీకు ఊరట. తల్లి గురించిన భయం మిగిలింది. అది కూడా తీర్చేద్దామని ఆ ముసలాడు, వాళ్లు నిన్ను కన్నవాళ్లు కారు, చీలమండలు గుచ్చిన పసివాణ్ణి నేనే అందుకున్నానంటాడు. భయం తీర్చబోయిన మాటే కొంప ముంచుతుంది. అరిస్టాటిల్ ప్రత్యేకంగా ఎత్తి చూపిన మలుపు ఇదే. ముసలాడి వేషం వేసేవాడికి చెప్పు, మంచి కబురు తెచ్చాడు, దానికి మేలు దక్కుతుందనే ఆశతో వచ్చాడు. గొంతులో ఆ హుషారు ఉండాలి.

పక్కనే ఉన్న నీ భార్య జొకాస్టాకు, తనే నీ కన్నతల్లినని అర్థమైపోతుంది. ఇక వెతకొద్దని బతిమాలుతుంది. నువ్వు మాత్రం, నేను బానిసకు పుట్టానేమోనని సిగ్గుపడుతోంది అనుకుంటావు. అదృష్టదేవత బిడ్డనని చెప్పుకుంటావు. అక్కడ నీ మొహం వెలిగిపోవాలి, ఒక్క పిసరు దిగులు కూడా కనబడకూడదు. ఆమె లోపలికి వెళ్లేటప్పుడు నువ్వటు చూడకు, పసివాడిగా నిన్ను ఆ ముసలాడి చేతికిచ్చిన గొర్రెల కాపరి వచ్చే దారి వైపే చూడు. ఈ ఒక్క రంగాన్నీ రోజూ రిహార్సల్ చేయండి.

తేదీ ఖాయమవగానే రాయి. ముందు రోజే వస్తాను.

మీ మామయ్య